మైకు గొంతుకు కొత్త వెర్షన్

లెక్కల టీచరుకు పామంటే భయం లేదు. ఒకసారి తరగతి గదిలోకి పాము దూరితే పిల్లలందరినీ బల్లలెక్కించి, తను మాత్రం సుద్దముక్క చేత్తో పట్టుకునే దాన్ని గుమ్మం దాకా సాగనంపిన మనిషి. తనిఖీకి వచ్చే అధికార్లంటే భయం లేదు. ఉరుములంటే భయం లేదు. ఆఖరికి ఆడపడుచన్నా భయం లేదు, అదీ ధైర్యమంటే! అలాంటి మనిషికి కంప్యూటరు తెర మీద కుడిపక్క మూల ఓ చిన్న పెట్టె లేచి, 'కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది, ఇప్పుడే మార్చమంటారా?' అని ఎంతో మర్యాదగా అడిగితే చాలు, అరచేతులు చల్లబడిపోయేవి. నోట్లో తడి ఆరిపోయేది. నవ్వొస్తే నవ్వండి. మీ ఇంట్లో మనిషి గొంతు ఆ కంప్యూటర్లో ఉండి ఉంటే మాత్రం మీరూ నవ్వేవారు కాదు.

ఆ గొంతు సంగతి తెలియాలంటే ముందు మైకు గురించి చెప్పుకోవాలి. మైకంటే టీచరు మొగుడు. బట్టల కొట్లో సేల్స్‌మన్. అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు, బజారంతా మైకనే పిలిచేది. కొట్లో ఆయన బేరం మొదలెడితే వీధి చివర వాళ్ళకి కూడా వినపడేది మరి. "అమ్మా, ఈ రంగు ఒక్కసారి మొహానికి దగ్గరగా పెట్టుకుని చూడండి! అద్దమైనా అబద్ధం చెబుతుందేమో గానీ నేను చెప్పను!" అంటూ తాను మీద తాను విప్పి పరిచేవాడు. వాన పడుతోందని చూరు కింద నిలబడ్డవాళ్ళు కూడా ఏదో ఒకటి చంకన పెట్టుకుని బయటపడేవాళ్ళు. ఇంటికొచ్చినా ఆ నోటికి విశ్రాంతి లేదు. ముద్దకీ ముద్దకీ మధ్య కబుర్లే. పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న టీచరు, "ఏవండీ, మీకు పుణ్యముంటుంది, కాసేపు ఆ నోటికి సెలవివ్వండి," అని రెండు చేతులూ జోడించేది. ఆ మాట తలుచుకుని తర్వాత తనను తాను ఎన్నిసార్లు తిట్టుకుందో ఆవిడకే తెలుసు.

ఒక ఉదయం చొక్కా గుండీలు పెట్టుకుంటూ పెట్టుకుంటూ మైకు కుప్పకూలిపోయాడు. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. ప్రాణమైతే నిలిచింది. కానీ కళ్ళూ, ఎడమచేతి బొటనవేలూ తప్ప ఒంట్లో ఇంకేదీ ఆయన మాట వినడం మానేసింది. నాలుక అసలే కదల్లేదు. గొట్టంలోంచి తిండి, మిషనుతో గొంతులో కళ్ళె లాగడం, పక్క మార్చి పడుకోబెట్టడం. "ఆయనకన్నీ తెలుస్తున్నాయమ్మా. చెప్పలేరు, అంతే," అన్నాడు డాక్టరు. అంతేనట! మాట్లాడకుండా అరగంట ఉంటే కడుపు ఉబ్బే మనిషికి అది అంతేనా?

మైకు అక్కగారు, అంటే టీచరుకు వదిన, పెట్టే బేడా సర్దుకుని వచ్చేసింది. పగలు తమ్ముణ్ణి చూసుకునే బాధ్యత ఆవిడది. బయట దొరికే మాటల యంత్రాలేవో ఒకటి రెండు తెప్పించారు గానీ వాటికి తెలుగు రాదు. అప్పుడు టీచరు పనిచేసే బళ్ళోనే ఉన్న కంప్యూటరు సారు ఒక మాటన్నాడు. "మేడమ్, ప్రోగ్రాం మీరే రాసుకోవచ్చు. లెక్కలు వచ్చినవాళ్ళకి ఇదేం బ్రహ్మవిద్య కాదు. ఏ కంప్యూటరు భాషలో రాయాలో చెబుతా, పాఠాల వీడియోలు చూపిస్తా."

నలభై దాటాక టీచరు మళ్ళీ విద్యార్థి అయింది. వీడియోల్లో పాఠం చెప్పే కళ్ళద్దాల మేష్టారొకాయన ప్రతి పాఠానికీ ముందు గొంతు సవరించుకునేవాడు. సాయంత్రం బడి వదిలాక కంప్యూటర్ల గదిలో కూర్చుని, ఆయన ఒక వాక్యం చెబితే ఆపి, రాసి, తప్పొస్తే నాలుక కరుచుకుని, మళ్ళీ మొదటి నుంచి. అలా కిందా మీదా పడి ప్రోగ్రాం తయారు చేసింది. తెర మీద అక్షరాలు వరసలు వరసలుగా ఉంటాయి. పచ్చ వెలుగు ఒక్కో వరస మీద ఆగుతూ పోతుంది. కావలసిన వరస మీదకి రాగానే మైకు బొటనవేలి కింద మీట నొక్కాలి. తర్వాత ఆ వరసలో అక్షరం దగ్గర మళ్ళీ నొక్కాలి. మాట పూర్తయ్యాక కంప్యూటరు దాన్ని చదువుతుంది, జలుబు చేసిన మనిషి ముక్కుతో మాట్లాడుతున్నట్టు.

మొదటిసారి ఆ మీట మైకు వేలి కింద పెట్టిన రోజు వదిన, సారు, టీచరు మంచం చుట్టూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఇన్ని నెలల తర్వాత మొదటి మాట! వదిన అయితే తమ్ముడు తనను తలుచుకుంటాడని గట్టి నమ్మకంతో ఉంది. పచ్చ వెలుగు కదిలింది, ఆగింది, కదిలింది. ఆఖరికి కంప్యూటరు చదివింది.

"ముక్కు దురద."

టీచరు వంగి ముక్కు గోకింది. మైకు కళ్ళు మూసుకున్నాడు. ఎంత హాయిగా మూసుకున్నాడంటే, అది చూసి ముగ్గురూ నవ్వారు, ఆ వెంటనే ముగ్గురూ ఏడ్చారు. ఇన్ని నెలలూ ఎన్ని దురదలు భరించాడో పాపం!

ఇక ఆగుతాడా? ప్రతిసారీ అక్షరమక్షరం కూర్చుకునే ఓపిక లేక, ఒక్క నొక్కుకే పలికే వాక్యాలు పై వరసలో పెట్టించుకున్నాడు. అందులో మొట్టమొదటిది వదిన కోసం. "అక్కా, నీ వంట చూసి పిల్లి పారిపోయింది." వంటింట్లో గిన్నె చప్పుడైతే చాలు, ఇక్కడ నుంచి ఆ బాణం వెళ్ళేది. "తినేది నువ్వు కాదుగా, నీకెందుకురా నొప్పి!" అని అక్కణ్ణుంచి జవాబొచ్చేది. ఇంటికి మళ్ళీ ప్రాణం వచ్చింది.

దీంతోబాటు టీచరు ఒక గంట కూడా పెట్టింది. మీటను వదలకుండా నొక్కి పట్టుకుంటే వంటింట్లోనూ మేడ మీదా పెద్ద గంట మోగుతుంది. ప్రాణం మీదకి వస్తే పిలవడానికన్నమాట. మైకు ఊరుకున్నాడా, ఒకరోజు సరదాకి మోగించాడు. వదిన మేడ మీద నుంచి పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చి మెట్ల మీద కాలు మడతపడి, మడమ గుమ్మడికాయంత అయింది. వచ్చి చూస్తే ఈయన, "ఊరికే, పలకరిద్దామని," అన్నాడు. ఆవిడ నిప్పులు కక్కింది. ఆ రోజే ఇంట్లో ముగ్గురూ ఒట్టేసుకున్నారు. ప్రాణం మీదకొస్తే తప్ప ఆ గంట మోగకూడదు. సరదాకి కాదు, పరీక్షకి కాదు, ఎందుకూ కాదు. ఆ ఒట్టు సంగతి గుర్తుపెట్టుకోండి.

మరి ఇంత సవ్యంగా ఉంటే టీచరుకు భయమెందుకు పట్టుకుంది? చెబుతాను.

ఒక చలికాలపు పొద్దున్న కంప్యూటరు తనంతట తనే, ప్రోగ్రాం రాసిన భాషతో సహా అన్నిటికీ కొత్త వెర్షన్లు దింపేసుకుంది. ఎవరినీ అడగలేదు. ప్రోగ్రాం తెరిస్తే తెరుచుకోలేదు, ఎర్రటి అక్షరాలు మాత్రం వచ్చాయి. బడికి టైమైపోతోంది. "సాయంత్రం వచ్చి చూస్తానండీ," అని మైకు చెంప తట్టి టీచరు వెళ్ళిపోయింది. వదిన ఎప్పట్లాగే వేడినీళ్ళ సంచి దుప్పటి కింద తమ్ముడి పాదాల దగ్గర పెట్టింది. దాని మూత సరిగా బిగుసుకోలేదు. మరిగే నీళ్ళు బొట్టుబొట్టుగా కారుతున్నాయి. మైకుకు కదలిక లేదు గానీ స్పర్శ ఉంది. కాలుతోందని తెలుస్తోంది. చెప్పడానికి మాటా లేదు, గంటా లేదు. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతుంటే వదిన పక్కన కూర్చుని తుడిచింది. "ఏడవకురా నాయనా. మీ ఆవిడ వచ్చి నీ పెట్టె బాగుచేస్తుందిలే," అని ఓదార్చింది. పాపం, ఆవిడకేం తెలుసు.

సాయంత్రం టీచరు వచ్చేసరికి మైకు కళ్ళు ఆవిడ వైపు తిరగలేదు. కాళ్ళ వైపే చూస్తున్నాయి. దుప్పటి ఎత్తింది. ఆ పాదం ఎలా ఉందో ఆవిడ ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పను.

ఆ రోజుతో అయిపోయింది. భాషని వెనకటి వెర్షన్‌కి తెచ్చి ప్రోగ్రాంని నిలబెట్టిన మరుక్షణం టీచరు కంప్యూటరుకున్న ఇంటర్నెట్ తీగ పీకేసింది. పీకి ఊరుకోలేదు, ఆ కన్నం మీద రబ్బరు టేపు అంటించింది. ఇక ఏ కొత్తదనమూ ఈ గడప తొక్కడానికి వీల్లేదు. అంతటితో కూడా గుండె దడ తగ్గలేదు. చిన్న తప్పొస్తే చాలు ప్రోగ్రాం మొత్తం ఆగిపోతోందన్నదే ఆవిడ బెంగ. అందుకని కోడ్ నిండా, ఎక్కడ పడితే అక్కడ, ఒకే ఆజ్ఞ రాసిపెట్టింది. ఏ తప్పొచ్చినా పట్టించుకోకు, నోరు మూసుకుని ముందుకు పో. చెబితే నమ్మరు, ఆ రాత్రి ఆవిడకు నిద్ర పట్టింది.

ఏళ్ళు గడిచాయి. భాషకు కొత్త వెర్షన్లు వచ్చాయి, పాతవి మూలబడ్డాయి. బళ్ళో కంప్యూటరు సారు, "మేడమ్, కొత్తది చూశారా? భలే ఉంది," అనేవాడు. "ఆఁ, చూశాను సారూ," అనేది టీచరు. చూడలేదు. చూడాలంటే భయం. ఏం మారిందో చదివితే, తనకు ఏం తెలియదో తెలుస్తుంది. ఒకసారి ధైర్యం చేసి తెరిస్తే, మార్పుల పట్టీ చూసుకుంటూ పోతుంటే అంతే లేదు. కళ్ళు తిరిగి మూసేసింది. కళ్ళద్దాల మేష్టారి వీడియోల కోసం వెతికితే అవీ లేవు, తీసేశారు. వాటి బదులు కుర్రాళ్ళెవరో రైలు తప్పిపోతుందన్నట్టు గబగబా మాట్లాడేస్తున్నారు. పిల్లలకు మాత్రం రోజూ, "జవాబు వచ్చిందని గంతులేయడం కాదు, సరిచూసుకోండి," అని పాఠం చెబుతూనే ఉండేది.

ఒకనాడు ఆ పాత కంప్యూటరు మూలగడం మొదలుపెట్టింది. లోపలి ఫ్యాను గరగరమంటూ తిరిగి, ఉన్నట్టుండి తెర చీకటైపోయేది. మళ్ళీ వెలిగేది. వెలిగేదాకా టీచరు పై ప్రాణాలు పైనే. సారు వచ్చి మూత విప్పి చూసి పెదవి విరిచాడు.

"దీని పనైపోయింది మేడమ్. ఇవాళో రేపో అన్నట్టుంది. కొత్తది కొనాల్సిందే."

"కొత్తదాంట్లో నా పాత వెర్షన్ పెట్టేస్తారుగా?"

సారు ఆవిడ మొహంలోకి చూశాడు. "మీరింకా దాని మీదే ఉన్నారా? అది పోయి చాలా కాలమైంది మేడమ్. కొత్త మిషన్ల మీద అది కూర్చోదు. మరి ఇన్నాళ్ళూ చూశాను, చూశాను అన్నారు?"

టీచరు చెప్పులో ముల్లు వెతుక్కుంటున్నట్టు తల దించుకుంది.

మంచం మీద నుంచి మైకు కళ్ళు ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాయి. సారు వెళ్ళాక పచ్చ వెలుగు కదిలింది. "ఏం దాస్తున్నావ్ టీచరమ్మా? అబద్ధాలు అమ్మడంలో నేను నీకంటే సీనియర్ని."

"ఏం లేదండీ," అంది టీచరు.

రోజూ సాయంత్రం కొత్త కంప్యూటరు ముందు కూర్చుని పాత ప్రోగ్రాంని కొత్త వెర్షన్‌లోకి తెచ్చే పని మొదలైంది. పనంటే పనా, నరకం. ఇదివరకు ఎలా రాసినా ఊరుకున్న భాష, ఇప్పుడు బ్రాకెట్లు లేవని అలిగింది. తన ప్రోగ్రాం ఆధారపడ్డ, వేరేవాళ్ళు రాసిపెట్టిన ముక్కలు కొన్నింటిని వాటి సొంతదార్లే వదిలేసి పోయారు. తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగా మారి తెర నిండా వరసలు కట్టాయి. అది చూసిన క్షణం టీచరు కుర్చీలోంచి లేవలేకపోయింది. ఆ ప్రశ్నార్థకాల వెనకెక్కడో మైకు గొంతుంది, అది మళ్ళీ దొరక్కపోతే? పక్కగదిలో పాత కంప్యూటరు గరగరలాడినప్పుడల్లా గుండె గుభేలుమనేది. ఇది కుదరకముందే అది ఆగిపోతే మళ్ళీ ఆ దుప్పటి, ఆ కళ్ళు, ఆ పాదం!

సారు వీలైనప్పుడల్లా వచ్చి కూర్చునేవాడు. "భయం దేనికి మేడమ్? మెట్టు మెట్టుగా దిగి ఉంటే మీకింత కష్టమయ్యేది కాదు. ఇన్నేళ్ళ మెట్లూ ఒక్కసారి దూకుతున్నారు, అందుకే కాళ్ళు వణుకుతున్నాయి," అన్నాడు. ఆ మాటలో దెప్పిపొడుపు లేదు. అయినా టీచరుకు గుచ్చుకుంది.

చిట్టచివరికి ఒక సాయంత్రం ప్రశ్నార్థకాలు పోయి అక్షరాలు వచ్చాయి. పచ్చ వెలుగు నడిచింది. మీట పనిచేసింది. కొత్త కంప్యూటరుకు గొంతు కూడా మెరుగు, జలుబు వదిలింది. మైకు ఒక్కో మాటా పలికించి చూసుకున్నాడు. పై వరసలో వాక్యాలన్నీ ఉన్నాయి. "అక్కా, నీ వంట చూసి పిల్లి పారిపోయింది," అనగానే వంటింట్లోంచి, "కొత్త గొంతుతో కూడా అదే కూతా!" అని వదిన అరిచింది. టీచరు పకపకా నవ్వింది. ఎన్ని వారాలైందో నవ్వి.

గంట సంగతి? ఒట్టు ఉందిగా. మోగించి చూడలేదు. గంట తాలూకు కోడ్ ఒకసారి పైపైన చూసుకుంది. ఎక్కడా ఎర్ర అక్షరాలు లేవు, ప్రోగ్రాం ఆగలేదు, తప్పని ఎవరూ అనలేదు. సరిగానే ఉందనుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు, టీచరు తరగతిలో భిన్నాలు చెబుతుండగా ఫోన్ మోగింది. వదిన. "నువ్వు రా. వెంటనే రా," అంది, పెట్టేసింది. గుక్క తిప్పుకోకుండా మాట్లాడే వదిన, అంత పొట్టిగా మాట్లాడటం టీచరు ఎన్నడూ వినలేదు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. చేతిలో సుద్దముక్క అలాగే ఉంది, అలాగే పరిగెత్తింది. దొరికిన బండెక్కింది. దారి పొడుగునా ముచ్చెమటలు. గంట మోగే ఉంటుంది, వదిన పక్కనే ఉంటుంది, ఏం కాదు, ఏం కాదు అని గొణుక్కుంటోంది. బండివాడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. మంచం మీద మైకును దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. మొహం ఉతికి ఆరేసిన గుడ్డలా ఉంది. కానీ ఛాతీ కదులుతోంది. కళ్ళు తెరిచి ఉన్నాయి, ఆవిడ వైపు తిరిగాయి. కళ్ళె లాగే మిషను గొట్టం ఇంకా వదిన చేతిలోనే ఉంది. వదిన నేల మీద కూలబడి ఉంది.

"కళ్ళె అడ్డం పడిందే అమ్మాయ్. ఊపిరాడలేదు వీడికి," అంది వదిన. "నేను మేడ మీద బట్టలారేస్తున్నానా. కింద నుంచి మొదలుపెట్టాడు, అక్కా నీ వంట చూసి పిల్లి పారిపోయింది అని. సరేలే అనుకున్నా. మళ్ళీ అన్నాడు. మళ్ళీ మళ్ళీ. ఆగడే! నాకు ఒళ్ళు మండింది. అన్నీ ఆరేసిగానీ దిగనని మొండికేశా..." ఆవిడ చేతిలో గొట్టం పక్కన పెట్టింది. "ఆరేసిగానీ దిగననుకున్నానే! ఇంతలో దుప్పటి జారి మట్టిలో పడింది. ఆ కోపం వీడి మీదకెక్కింది. ఉండు నీ పని చెప్తానని తిట్టుకుంటూ దిగొచ్చా. వచ్చి చూస్తే మొహం నల్లబడిపోయి, కళ్ళు తేలేసి... ఆ దుప్పటి పడకపోతే? నువ్వే చెప్పు, పడకపోతే?"

"గంట కొట్టలేదా వదినా?"

"ఎక్కడ కొట్టాడు? కొడితే ఎగిరి దూకి రానూ?"

పచ్చ వెలుగు కదిలింది. ఒక అక్షరం తప్పు పడి, చెరిపి, మళ్ళీ. కంప్యూటరు చదివింది.

"కొట్టా."

వెలుగు మళ్ళీ కదిలింది.

"మోగలేదు. మళ్ళీ కొట్టా. మోగలేదు."

టీచరు మంచం దగ్గరికి వెళ్ళింది. ఇంట్లో ముగ్గురూ వేసుకున్న ఒట్టు తనే తీసి గట్టున పెట్టి, మైకు వేలి మీద తన వేలు ఉంచి, మీట గట్టిగా నొక్కి పట్టుకుంది. వంటింట్లో చప్పుడు లేదు. మేడ మీద చప్పుడు లేదు. తెర మీద ఎర్ర అక్షరం ఒక్కటీ లేదు. అంతా సవ్యంగా ఉన్నట్టే పచ్చ వెలుగు తన దారిన తను పోతోంది. పాముని చూసి బెదరని మనిషికి ఆ నిశ్శబ్దం విని ఒళ్ళంతా గగుర్పొడిచింది.

కోడ్ తెరిచింది. పెద్దగా వెతకాల్సిన అవసరం పడలేదు. గంటకు సందేశం పంపే వాక్యం పాత పద్ధతిలోనే ఉంది. కొత్త వెర్షన్ దాన్ని ఒప్పుకోవడం లేదు. ఒప్పుకోనని ప్రతిసారీ చెబుతూనే ఉంది కూడా. కానీ ఆ వాక్యం చుట్టూ, తన చేత్తో తను రాసిన ఆజ్ఞ ఉంది. ఏ తప్పొచ్చినా పట్టించుకోకు, నోరు మూసుకుని ముందుకు పో. మైకు గంట కొట్టిన ప్రతిసారీ ప్రోగ్రాం తప్పని అరవబోయింది. ప్రతిసారీ దాని నోరు నొక్కింది తనే.

టీచరు మైకు పక్కన కూర్చుంది. ఇక దాచలేదు. ఏళ్ళ తరబడి కొత్తది ఏదీ చదవలేదని చెప్పింది. సారుతో అబద్ధమాడానని చెప్పింది. ఆ కాలిన పాదం చూసిన రోజు నుంచి, బళ్ళో కంప్యూటరు మీదైనా సరే, 'మార్చమంటారా?' అనే పెట్టె లేస్తే చాలు చేతులు చల్లబడతాయని చెప్పింది. ఆ భయంతోనే తప్పులన్నిటినీ మింగేయమని రాశానని, అదే ఇవాళ ఆయన పీక మీదకి వచ్చిందని చెప్పి ఏడ్చింది.

"నావల్ల కాదండీ. ఆ పాతదానికి ఫ్యాను మార్పిస్తా. మళ్ళీ దాంట్లోకే పోదాం. టేపు వేసి ఉంచుదాం. ఇంకేదీ ముట్టుకోను, ఒట్టు."

మైకు మీట నొక్కడం మొదలుపెట్టాడు. పై వరసలో ఉన్న తయారు వాక్యం ఒక్కటి కూడా వాడలేదు, అక్షరం వెనక అక్షరం కూర్చాడు. వదిన కూడా లేచి వచ్చి తెర ముందు నిలబడింది.

"తప్పొస్తే అరవనీ. ఇంట్లో నోరు లేనివాణ్ణి నేనొక్కణ్ణి చాలు."

వదిన ముక్కు చీది, "వినపడిందిగా? కంప్యూటరు ముందు కూర్చో మరి," అంది.

కూర్చుంది. నోరు మూసే ఆజ్ఞలన్నీ ఒక్కొక్కటే తీసేసింది. తీసిన మరుక్షణం ప్రోగ్రాం ఠక్కున ఆగిపోయింది. తెర ఎర్రబడింది. ఆగిందంటే మైకుకు గొంతు లేదు. అందుకని వదిన, ఒక అట్టముక్క మీద అక్షరాలన్నీ రాసి, ఒక్కోటీ వేలితో చూపిస్తూ తమ్ముడి కళ్ళెదుట కూర్చుంది. కదలనంటే కదలనంది. టీచరు ఎర్ర అక్షరాలు పైకే చదివింది, ఇదివరకులా కళ్ళు మూసుకోలేదు. అర్థమైనవి దిద్దింది, కానివి సారుకు ఫోన్‌లో చదివి వినిపించింది. గంట తప్పొక్కటే కాదు, ఇన్నేళ్ళూ నోరు మూసుకుని పడున్న తప్పులు ఇంకా ఎన్నో బయటికొచ్చాయి. ఒక్కోటి బయటపడ్డప్పుడల్లా, ఇది కూడా ఉందా నాయనోయ్ అని గుండె మీద చెయ్యేసుకుంది. కొన్ని సాయంత్రాలు పట్టింది.

ఆఖరున మీట నొక్కి పట్టుకుంది. వంటింట్లోనూ మేడ మీదా గంట ఒకేసారి మోగింది. ఎదురింటి వాళ్ళు కిటికీ తెరిచి చూశారు. వదిన తెలిసి తెలిసే ఉలిక్కిపడి, "చాల్లేవే, చెవులు పోతున్నాయి!" అంది. ఆపమని మాత్రం అనలేదు. ఆ రోజు నుంచి రోజూ పొద్దున్నే ఒకసారి గంట మోగించి చూడటం ఇంటి పద్ధతైంది.

ఒక పని మిగిలింది. మైకును చూడ్డానికి వచ్చిన సారు, ఉన్న ప్రోగ్రాంకి నకలు తీసి పక్కన పెట్టాడు, వెనక్కి రావడానికి దారి ఉండాలని. "ఇక తీగ పెట్టండి మేడమ్," అన్నాడు. కొత్త కంప్యూటరు కన్నం మీద కూడా టీచరు టేపు వేసే ఉంచింది మరి. గోటితో గీరి తీసింది. తీగ దూర్చింది.

ఎంతోసేపు పట్టలేదు. కుడిపక్క మూల పెట్టె లేచింది. కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది, ఇప్పుడే మార్చమంటారా?

అరచేతులు చల్లబడ్డాయి. నోట్లో తడి ఆరిపోయింది. ఏమీ మారలేదు, అదే భయం. కానీ ఆ పెట్టె కళ్ళెదుట ఉండగా ఆ మాట పైకి అనడం ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి.

"ఏవండీ, నాకు భయమేస్తోంది."

పచ్చ వెలుగు కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. ముగ్గురూ ఎదురుచూశారు.

"నాకూ. నొక్కు."